చీమ కుట్టినట్టు ఉంటుందని చెప్పకండి

పాఠకుల ప్రశ్నలు, సిస్టరమ్మ జవాబులు

(జవాబులు ఇచ్చేవారు 31 ఏళ్ళు నర్సుగా పనిచేశారు. అందులో చివరి 14 ఏళ్ళు విశాఖపట్నంలో పిల్లల గుండె ఆపరేషన్ల ఐసీయూలో గడిచాయి. ప్రస్తుతం శ్రీకాకుళంలో విశ్రాంత జీవితం గడుపుతున్నారు.)

ప్రశ్న

సిస్టరమ్మ గారికి నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. మా బాబుకు నాలుగేళ్ళు నిండాయి. అంగన్‌వాడీకి పిల్లలను చూడటానికి వచ్చిన డాక్టరు గుండె చప్పుడులో తేడా ఉందని పంపిస్తే, పై గదుల మధ్య గోడలో రంధ్రం ఉన్నట్టు ఎకో (గుండె స్కానింగ్)లో తేలింది. పోయిన నెల విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. తొడ దగ్గరి రక్తనాళంలోంచి గొట్టం పంపి, గొడుగులాంటి బిళ్ళతో రంధ్రాన్ని మూసేస్తామన్నారు. బాబుకు మాత్రం ‘ఫోటో తీస్తారు, నొప్పి ఉండదు, నేను పక్కనే ఉంటాను’ అని చెప్పాను. లోపల చూశాక, రంధ్రం చుట్టూ అంచు చాలదని, బిళ్ళ నిలవదని చెప్పి మూయకుండానే బయటకు తెచ్చారు. ఇప్పుడు ఛాతీ తెరిచి ఆపరేషన్ చేయాలట. వచ్చే నెలలో రమ్మన్నారు.

అప్పటి నుంచి తెల్లకోటు కనిపిస్తే చాలు, బాబు మంచం కింద దూరుతున్నాడు. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. రాత్రి నిద్ర ముంచుకొస్తున్నా కళ్ళు మూయడు. మా అత్తగారు వచ్చినవాళ్ళందరితో ‘మా మనవడి గుండెకు చిల్లు పడింది’ అని చెబుతుంటే విన్నట్టున్నాడు. మొన్న నీళ్ళ బిందె కారుతుంటే చూసి, ‘అమ్మా, నేను కూడా ఇలాగే కారిపోతానా?’ అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. ఈసారి అమ్మమ్మ ఇంటికని చెప్పి తీసుకువెళ్ళిపోదాం, ఏడిస్తే అక్కడే చూసుకుందాం అంటున్నారు మావారు. నేనేం చేయాలి?

– ఒక తల్లి, నరసన్నపేట మండలం

జవాబు

ముందు ఆ బిందె సంగతి తేల్చుకుందాం, అమ్మా. ఆపరేషన్‌కు ఇంకా నెల ఉంది. బిందె భయం మాత్రం ఈ రాత్రికే ఉంది.

మీ బాబు మంచి ప్రశ్న అడిగాడు. నాలుగేళ్ళవాడికి తెలిసిన చిల్లు బిందెదే, బకెట్టుదే. చిల్లు పడితే కారుతుంది, కారితే ఖాళీ అవుతుంది, ఖాళీ అయినదాన్ని పెరట్లో పడేస్తారు. వాడు అక్కడి దాకా ఆలోచించే ఉంటాడు. కాబట్టి ఈ రోజే వాడిని మీ ఇంట్లో రెండు గదుల మధ్య నిలబెట్టండి. ‘నీ గుండెలో ఇలాగే గదులున్నాయి. ఈ రెండు గదుల మధ్య గోడ నిండుగా ఉండాలి. నీకు అందులో చిన్న కిటికీ మిగిలిపోయింది. రక్తం ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళుతుంది. ఇంటి బయటకు ఒక్క చుక్క కూడా రాదు’ అని చెప్పండి. మీరు ఒక గదిలో, వాడు మరో గదిలో నిలబడి బంతి ఆట ఆడండి. బంతి గదులు మారుతుంది గాని వీధిలోకి పోదు. మాటలతో వందసార్లు చెప్పినదాని కంటే ఆ బంతి ఎక్కువ చెబుతుంది. అత్తగారికి కూడా ఆ ఆట చూపించండి. ఆమెకు కోపం రాకుండా ‘చిల్లు’ పోయి ‘కిటికీ’ వస్తుంది.

మీ కోసం ఇంకొంచెం. ఆ కిటికీ గుండా ఎడమ గదిలోని రక్తం కొంత కుడి గదిలోకి మళ్ళుతుంది. దానివల్ల గుండె కుడి భాగానికీ ఊపిరితిత్తులకూ ఎప్పుడూ అదనపు పనే. చిన్న వయసులో పిల్లవాడు బాగానే కనిపిస్తాడు, పరుగెత్తుతాడు. ఏళ్ళ తరబడి వదిలేస్తే గుండె సాగిపోతుంది. కొందరిలో ఊపిరితిత్తుల రక్తనాళాలు కూడా దెబ్బతింటాయి. బాగానే ఉన్న పిల్లవాడికి ఆపరేషన్ ఎందుకని అడిగే బంధువులకు చెప్పవలసింది ఇది.

మీరు రాయలేదు గాని, ఈ పాటికి ఎవరో ఒకరు గ్రహణం మాట ఎత్తే ఉంటారు. కడుపుతో ఉన్నప్పుడు మీరు బయటకు వచ్చారనో, ఏదో కోశారనో. కడుపులో బిడ్డ గుండె మొదటి ఎనిమిది వారాల్లోనే రూపు దిద్దుకుంటుంది. నెల తప్పిందని చాలామంది తల్లులకు ఖాయంగా తెలిసేసరికే ఆ పని సగం నడిచి ఉంటుంది. పుట్టే ప్రతి వెయ్యి మందిలో సుమారు 8 మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. ఇందులో గ్రహణానికి పాత్ర లేదు, మీకూ లేదు. ఇదే మాట బాబుకు కూడా విడిగా చెప్పాలి. ఈ వయసు పిల్లలు జబ్బును శిక్ష అనుకుంటారు. ‘అల్లరి చేశానని ఇక్కడ పెట్టారు’ అని నాతో చెప్పినవాళ్ళు ఎందరో. వాడు అడగకపోయినా ‘నువ్వు ఏ తప్పూ చేయలేదు’ అనండి. ‘అల్లరి చేస్తే సిస్టర్‌తో ఇంజక్షన్ వేయిస్తా’ అనే చుట్టం మీ ఇంటికి వస్తే, కాఫీ ఇచ్చి త్వరగా పంపించేయండి.

ఇక మీకు కొంచెం కష్టం కలిగించే మాట. మీ బాబు సూదికి భయపడటం లేదు, మీ మాటకు భయపడుతున్నాడు. ఫోటో అన్నారు, లేచేసరికి తొడకు పట్టీ ఉంది. నొప్పి ఉండదన్నారు, ఉంది. పక్కనే ఉంటానన్నారు, లేరు. ఏ మాట నమ్మాలో తెలియనప్పుడు తెల్లకోటు వేసుకున్న ప్రతివారూ అనుమానితులే అవుతారు.

మిమ్మల్ని తప్పు పట్టడానికి నేనెవరిని? ‘చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే’ అని నేను ఎన్ని వేలసార్లు అన్నానో లెక్క లేదు. ఆ అలవాటు మాన్పించింది సోంపేట వైపు నుంచి వచ్చిన ఐదేళ్ళ అమ్మాయి. రక్తం తీసుకుంటూ చీమ మాట చెప్పాను. ఆ పిల్ల ఏడవలేదు. చేయి వెనక్కు లాక్కుని, కళ్ళలో నీళ్ళు నిలుపుకుని, ‘మీ ఇంట్లో చీమలు ఇంత గట్టిగా కుడతాయా సిస్టర్?’ అని అడిగింది. పక్క మంచం దగ్గరున్న తల్లులు నవ్వారు. నాకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ రోజు నుంచి ‘గుచ్చుకుంటుంది, నొప్పిగా ఉంటుంది, ఐదు అంకెలు లెక్కపెట్టేలోపు అయిపోతుంది, కావాలంటే అరువు’ అని చెప్పడం మొదలుపెట్టాను. అరిచేవాళ్ళు అరిచారు. కానీ మరుసటి రోజు నన్ను చూసి ముఖం తిప్పుకునేవాళ్ళు తగ్గారు.

అందుకని మీ వారి ఆలోచన వద్దు. అమ్మమ్మ ఇంటికని చెప్పి ఆసుపత్రిలో దింపితే, రేపు నిజంగా అమ్మమ్మ ఇంటికి వెళ్ళినా వాడు బస్సు దిగడు. మీరిద్దరూ ఒక సాయంత్రం వాడి దగ్గర కూర్చోండి. ‘పోయినసారి నొప్పి ఉండదని చెప్పాను. నాకు తెలియక తప్పు చెప్పాను. ఈసారి నిజమే చెబుతాను’ అనండి. అమ్మ తన తప్పు ఒప్పుకోవడం పిల్లలకు వింతగా ఉంటుంది. చెవులు రిక్కించి వింటారు.

అయితే నెల ముందే తేదీ చెప్పవద్దు. నాలుగేళ్ళవాడికి నెల అంటే అంతు లేని కాలం. ఆసుపత్రికి మళ్ళీ వెళ్ళాలన్న సంగతి దాచవద్దు, అడిగితే అవుననండి. వివరాలు మాత్రం రెండు మూడు రోజుల ముందు, కొద్దికొద్దిగా చెప్పండి. ‘డాక్టరు గారు కిటికీ మూసేస్తారు. ఇక్కడి నుంచి ఇక్కడి దాకా గీత ఉంటుంది’ అని మీ వేలితో వాడి ఛాతీ మీద గీసి చూపండి. ‘కొన్ని రోజులు నొప్పిగా ఉంటుంది, నొప్పికి మందు ఇస్తారు’ అనండి. గుండెను కాసేపు ఆపుతారని, ఆ సమయంలో ఒక యంత్రం రక్తాన్ని తిప్పుతుందని మీకు డాక్టర్లు చెప్పి ఉంటారు. వాడు అడగనిదే ఆ మాట ఎత్తవద్దు. నిజం చెప్పమన్నాను గాని, ఉన్నదంతా కుమ్మరించమనలేదు.

నిద్ర భయానికి కారణం తేలికగానే తెలుస్తోంది. పోయినసారి ‘నిద్రపుచ్చుతాం’ అని ఉంటారు. ఇప్పుడు ఇంట్లో నిద్రపోయినా అలాగే ఎవరో వచ్చి ఏదో చేస్తారని వాడి లెక్క. ఇంటి నిద్ర వేరు, మందు నిద్ర వేరు అని విడదీసి చెప్పండి. ఇంటి నిద్రలో అమ్మ పిలిస్తే మెలకువ వస్తుంది. మందు నిద్ర ఆసుపత్రిలోనే, మత్తు డాక్టరు పక్కన ఉంటేనే వస్తుంది. అందులో నొప్పి తెలియదు, మధ్యలో మెలకువ రాదు, పని అయ్యాక మందు ఆపితే లేస్తారు.

మీ వారికి ఒక మాట. బిళ్ళ పెట్టకుండా వెనక్కు తెచ్చారని ఆయనకు కోపం ఉన్నట్టుంది. ఆ బిళ్ళ రంధ్రం అంచులను రెండు వైపులా పట్టుకుని నిలవాలి. అంచు లేనిచోట బిగిస్తే అది జారి గుండెలోనే ఎటో కొట్టుకుపోవచ్చు. అప్పుడు పరుగుల మీద ఆపరేషన్. ‘ఇది నిలవదు’ అని ఆగిన డాక్టరు మీకు మేలే చేశారు. ఆపరేషన్‌లో ఏం చేస్తారో అత్తగారికి చెప్పాలంటే పాత మాట ఒకటుంది, మాటు. మా చిన్నతనంలో బిందెలకు మాట్లు వేసేవాళ్ళు వీధుల్లోకి వచ్చేవారు. ఇక్కడ మాటు చాలాసార్లు పిల్లవాడి ఒంట్లోదే. గుండె చుట్టూ ఉండే పలుచని పొరలోంచి చిన్న ముక్క తీసి ఆ కిటికీకి కుట్టేస్తారు. బిందె పోలిక బాబుకు వద్దన్నాను గాని, ఆమెకు ఇదే తొందరగా అందుతుంది.

ఇప్పటి నుంచి ఇంట్లో ఆసుపత్రి ఆట ఆడండి. గుడ్డ బొమ్మ, దూది, పట్టీ, సూది తీసేసిన సిరంజి చాలు. వాడే డాక్టరు. వాడు బొమ్మను ఎన్నిసార్లు గుచ్చినా ఆపకండి. మా వార్డులో ఒక బాబు బొమ్మకు ముప్పైసార్లు ఇంజక్షన్ వేసి, ఆ తరువాత ‘మీ చేయి ఇవ్వండి’ అన్నాడు. ఇచ్చాను. ‘అమ్మో’ అని అరిచాను. కాసేపు గంభీరంగా చూసి, నా చేతి మీద ఉఫ్ అని ఊదాడు. మరునాడు తన చేయి చాచాడు, ఏడుస్తూనే.

ఆ ఆటలోనే సెలైన్ సూది సంగతి చెప్పండి. చేతికి పట్టీ వేసి ఉంచేది సూది అనే పిల్లలందరూ అనుకుంటారు, చాలామంది పెద్దవాళ్ళు కూడా. అందుకే చేయి కదపడానికి భయపడి కొయ్యలా పడుకుంటారు. నిజానికి గుచ్చిన వెంటనే సూదిని బయటకు తీసేస్తారు. లోపల ఉండేది మెత్తని ప్లాస్టిక్ గొట్టం. వీలైతే అక్కడి సిస్టర్‌ను అడిగి ఆ రెండు ముక్కలనూ విడదీసి చూపించండి. చర్మాన్ని మొద్దుబార్చే క్రీము ఉందేమో కూడా అడగండి. అది పనిచేయడానికి దాదాపు గంట పడుతుంది, కాబట్టి సిరంజి చేతికి తీసుకున్నాక అడిగితే లాభం లేదు. గుచ్చేటప్పుడు బల్ల మీద పడుకోబెట్టి నలుగురు పట్టుకోవడం కంటే, మీ ఒళ్ళో మీ వైపు తిరిగి కూర్చోబెట్టుకుని గట్టిగా హత్తుకోండి. చేయి ఒక్కటి వాళ్ళకు ఇవ్వండి. ‘వెళదామా నాన్నా?’, ‘సూది వేయించుకుంటావా?’ అని మాత్రం అడగకండి. వద్దంటే ఏం చేస్తారు? వాడు ఎంచుకోగలిగినవే అడగండి. ఏ చేయి, ఏ బొమ్మ, అమ్మ ఒళ్ళోనా నాన్న ఒళ్ళోనా.

పస్తు దగ్గర అందరూ తడబడతారు. మామూలుగా అన్నం, టిఫిన్, పాలు మత్తుకు 6 గంటల ముందు ఆపుతారు, తల్లిపాలు 4 గంటల ముందు, మంచినీళ్ళు 2 గంటల ముందు. మీ ఆసుపత్రి చెప్పిన సమయాలే మీకు లెక్క. అయితే ‘అర్ధరాత్రి నుంచి ఏమీ వద్దు’ అని ఊరికే అనేస్తే, ‘మంచినీళ్ళు ఎన్ని గంటల దాకా పట్టవచ్చు?’ అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం నాన్నమ్మకు కూడా చూపించండి. ఒకసారి ఒక నాన్నమ్మ మనవడి ఏడుపు చూడలేక తెల్లవారుజామున కొంగు చాటున బన్ను పెట్టింది. మత్తులో వాంతి అయితే కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. బాబు జేబులో బన్ను ముక్కలు నాకు దొరికాయి. ఆపరేషన్ ఆ రోజు ఆగిపోయింది, మళ్ళీ తేదీకి వారం పట్టింది. ఆ ముసలామె వరండాలో కూర్చుని ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ గుర్తుంది. తప్పు మాదే. వద్దన్నాం గాని ఎందుకో చెప్పలేదు.

థియేటర్ తలుపు దగ్గర చల్లగా జారుకోకండి. ‘ఇక్కడి దాకా అమ్మ వస్తుంది. లోపల డాక్టరు గారు, సిస్టర్ ఉంటారు. నువ్వు మందు నిద్ర లేచాక అమ్మ వస్తుంది’ అని చెప్పి, ముద్దు పెట్టి, అప్పుడు వెళ్ళండి. ఏడుస్తాడు. మిమ్మల్ని నమ్మే ఏడుస్తాడు, ఫరవాలేదు. మత్తు ఎక్కేదాకా తల్లిని ఉండనిచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి, అడగండి. రోజూ కట్టుకునే మీ పాత నూలు చీర ముక్క ఒకటి వాడి చేతిలో పెట్టండి. ఉతికినది కాదు, మీ వాసన ఉన్నది.

ఐసీయూలో మొదటిసారి చూసినప్పుడు మీ కాళ్ళలో బలం పోతుంది. ముందే చెబుతున్నాను. నోట్లో ఊపిరి గొట్టం, మెడ దగ్గర సన్నని గొట్టాలు, ఛాతీ కింద రక్తపు నీరు బయటకు తీసే గొట్టం, మూత్రానికి ఇంకొకటి. ముఖం కొంచెం ఉబ్బి ఉంటుంది. గొట్టాలు పీక్కోకుండా చేతులు మెత్తని గుడ్డతో కట్టి ఉండవచ్చు. ఇవన్నీ అనుకున్నవే. మానిటర్ కూసిన ప్రతిసారీ ప్రమాదం కాదు, చాలాసార్లు వేలికి పెట్టిన క్లిప్పు జారి ఉంటుంది. అంకెల వైపు చూడటం మాని వాడి వైపు చూడండి, మాట్లాడండి. మత్తు తేలికపడుతున్నప్పుడు గొంతు వినబడుతుంది. మీ బాబుది లాంటి ఆపరేషన్ తరువాత చాలామంది పిల్లలకు ఊపిరి గొట్టం కొద్ది గంటల్లోనే తీసేస్తారు. అది తీశాక మా పిల్లలు అడిగిన మొదటి మాట ‘నొప్పి’ కాదు, ‘నీళ్ళు’. వెంటనే ఇవ్వరు. అందుకే ఇంట్లో ఉన్నప్పుడే చెప్పండి, ‘లేచాక దాహం వేస్తుంది, సిస్టర్ తడి దూదితో పెదాలు తడుపుతుంది, తరువాత చెంచాతో ఇస్తారు’ అని. ఛాతీ గొట్టం తీసేటప్పుడు నొప్పి ఉంటుంది, ముందుగా నొప్పి మందు ఇచ్చారా అని మర్యాదగా అడగండి. తిరునాళ్ళలో అమ్మే సబ్బు బుడగల సీసా ఒకటి సంచిలో వేసుకోండి. ఊదుతూ ఉంటే నొప్పి నుంచి ధ్యాస మళ్ళుతుంది, ఊపిరితిత్తులూ విచ్చుకుంటాయి. ఊపిరి వ్యాయామానికి ఇచ్చే మూడు బంతుల పరికరం ఈ వయసువాళ్ళకు చేతకాదు.

ఇంటికి వచ్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడిని చంకల కింద చేతులు పెట్టి ఎత్తకూడదు. ఛాతీ మధ్యలో ఎముకను తెరిచి మళ్ళీ బిగించి ఉంటారు, అది అతుక్కోవాలి. ఒక చేయి పిరుదుల కింద, ఇంకో చేయి వీపు వెనుక పెట్టి ఎత్తండి. ఇంటికి చూడటానికి వచ్చే మామయ్యలకు ఇది గుమ్మంలోనే చెప్పాలి, వాళ్ళు రాగానే గాల్లోకి ఎగరేస్తారు. దగ్గు వస్తే దిండును ఛాతీకి హత్తుకోమనండి. మొదటి కొన్ని వారాల్లో జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం, ఆగని వాంతులు, ఎప్పుడూ లేని మగత, వీటిలో ఏది కనిపించినా తరువాతి చెకప్ దాకా ఆగవద్దు. ఈ ఆపరేషన్ తరువాత కొందరికి గుండె చుట్టూ నీరు చేరుతుంది, తొందరగా చూస్తే మందులతో తగ్గించగలిగినదే. కుట్ల దగ్గర ఎరుపు, చీము ఉన్నా అంతే.

పక్క తడపడం వెంటనే ఆగదు. కొంతకాలం మిమ్మల్ని వదలడు, చిన్నపిల్లవాడిలా ముద్దుమాటలు మాట్లాడతాడు, బొమ్మను కొడతాడు. తిట్టకుండా దుప్పటి మార్చండి. నెలలు గడిచినా తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చెప్పండి.

ఖర్చు గురించి మీరు అడగలేదు. ఎన్టీఆర్ వైద్యసేవలో పిల్లల గుండె ఆపరేషన్లు ఉన్నాయి. రేషన్ కార్డు, ఆధార్, పాత ఎకో కాగితాలు, పోయినసారి డిశ్చార్జ్ కాగితం ఒకే సంచిలో పెట్టుకుని, చేరే రోజు కంటే ముందే ఆసుపత్రిలోని ఆ పథకం డెస్కు దగ్గర కనుక్కోండి.

ప్రశ్న

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే కవాటం (వాల్వు) ఇరుకుగా ఉందని, తొడలోంచి గొట్టం పంపి బెలూన్‌తో వెడల్పు చేస్తామని చెప్పారు. ఫోనులో వీడియోలు చూసి ‘గొట్టం గుండెకు తగిలితే గుండె ఆగిపోదా నాన్నా?’ అని రోజూ అడుగుతోంది. నేను ఆటో నడుపుతాను, ఇలాంటివి నాకేం తెలుసు? ఆసుపత్రిలో రాత్రి ఒక్కరినే ఉండనిస్తారట.

– ఒక తండ్రి, విజయనగరం

జవాబు

బాబూ, మీ అమ్మాయి అడిగిన ప్రశ్ననే ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లు కూడా అడిగారు. ఈ కథ ఆమెకు చెప్పండి. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ళ డాక్టరు చేతి రక్తనాళంలోంచి గుండెకు గొట్టం పంపవచ్చన్నాడు. పైవాళ్ళు వద్దన్నారు. గొట్టాలుండే బీరువా తాళాలు ఒక నర్సు దగ్గర ఉన్నాయి. ‘ప్రయోగం నా మీద చేయండి’ అని ఆమె ముందుకు వచ్చింది. అతను సరేనని ఆమెను బల్లకు కట్టి, ఆమె చూడకుండా తన చేతిలోకే గొట్టం ఎక్కించుకున్నాడు. తరువాత ఆమె కట్లు విప్పి, గొట్టం లోపల ఉండగానే నడిచి ఎక్స్‌రే గదికి వెళ్ళి, అది గుండె దాకా చేరిందని ఫోటో తీయించుకున్నాడు. గుండె ఆగలేదు. 1956లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. బల్లకు కట్టించుకున్న నర్సుకు ఏమీ రాలేదు. ఇది నా సొంత బాధ, అమ్మాయికి చెప్పనక్కర్లేదు.

రక్తనాళాల లోపల గొట్టం కదలడం మనిషికి తెలియదు. పైగా పిల్లలకు మత్తు ఇస్తారు. గుండె లయ అటూ ఇటూ అవుతోందా అని క్షణక్షణం చూస్తూనే ఉంటారు. ఇరుకుగా అతుక్కున్న కవాటం రేకుల మధ్య బెలూన్ ఉబ్బించేది కొద్ది సెకన్లే.

తొమ్మిదేళ్ళ పిల్లకు వారం పది రోజుల ముందే అంతా చెప్పవచ్చు. ఒక నోటుపుస్తకం కొని ప్రశ్నలు రాసుకోమనండి, డాక్టరును ఆమెనే అడగనివ్వండి. వీడియోలు ఆమెతో కూర్చుని చూడండి, ఒక్కదాన్నే చూడనివ్వకండి.

ఆమెకు అసలు కష్టం తరువాత వస్తుంది. గొట్టం తీసిన తొడను మడవకుండా నాలుగు నుంచి ఆరు గంటలు వెల్లకిలా పడుకోవాలి. పిల్లలకు అది గుచ్చడం కంటే పెద్ద శిక్ష. ఇంట్లో ఒకసారి అలవాటు చేయండి, కాలు చాచి పడుకుని కథ వినడం. పడుకునే మూత్రం పోయాలని ముందే చెప్పండి, సిగ్గుపడి బిగబట్టుకుంటారు. పట్టీ కింద వెచ్చగా తడిగా అనిపించినా, ఆ పాదం చల్లబడినా వెంటనే సిస్టర్‌ను పిలవండి.

రాత్రి ఎవరు ఉండాలన్నది ఆమెనే అడగండి. నాన్న కావాలంటే, ఆడపిల్ల వార్డులో మగవారు వద్దని కొన్నిచోట్ల అంటారు. అలా అంటే పగలైనా మీరే ఉండండి. 1950లలో బ్రిటన్‌లో చాలా ఆసుపత్రులు తల్లిదండ్రులను వారానికి కొద్ది గంటలే రానిచ్చేవి. 1959లో ఆసుపత్రుల్లో పిల్లల బాగోగులు పరిశీలించిన అక్కడి ప్లాట్ కమిటీ ఆ ఆంక్షలు ఎత్తేయమని చెప్పింది. మన వార్డుల్లో కావలివాడి విజిల్ విన్నప్పుడల్లా నాకు ఆ సంగతే గుర్తుకొచ్చేది.

ప్రశ్న

మా మనవరాలికి మూడున్నరేళ్ళు. రెండు నెలల క్రితం గుండెలో రంధ్రానికి బిళ్ళ పెట్టారు. బాగుంది. సింహాచలం అప్పన్నకు తలనీలాలు మొక్కుకున్నాం. అదే రోజు చెవులు కూడా కుట్టించేద్దామని ఉంది. చేయవచ్చా?

– ఒక అమ్మమ్మ, బొబ్బిలి

జవాబు

చెవులు ఆగుతాయి అమ్మా. బిళ్ళ మీద గుండె పొర కప్పుకోవడానికి నెలలు పడుతుంది. మొదటి ఆరు నెలలు రక్తంలోకి సూక్ష్మజీవులు చేరకుండా ఎక్కువ జాగ్రత్త పడతారు. పంటి చికిత్స చేయించినా ఆ లోపల ముందుగా యాంటీబయాటిక్ ఇస్తారు. ఆరు నెలలు దాటాక గుండె డాక్టరును అడిగి కుట్టించండి.

ఇంకొకటి. బిళ్ళ పెట్టిన పిల్లలకు సాధారణంగా కొన్ని నెలలు ఆస్పిరిన్ ఇస్తారు. మీ పాపకు ఇస్తుంటే చిన్న గాటు పడినా రక్తం తొందరగా ఆగదు. ఆ మందు వాడుతుండగా ఆటలమ్మ గాని, ఫ్లూ జ్వరం గాని వస్తే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి, మందు మార్చవలసి రావచ్చు. మీ అంతట మీరు ఆపవద్దు.

తలనీలాలకు అప్పన్న తొందర పెట్టడు. ఆస్పిరిన్ ఆపమన్నాక, డాక్టరు సరేనన్నాక వెళ్ళండి. కొత్త బ్లేడు మీరే కొని తీసుకువెళ్ళి, మీ కళ్ళ ముందు విప్పించండి.